కాల్చడం నేర్పే ప్రభుత్వం కట్టు కట్టడం నేర్పదా?

2016 నాటి ఆయుధ నిబంధనలలో పదో నిబంధనను చదివి చూడండి. తుపాకీ లైసెన్సు కోరే వ్యక్తి శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలని అది శాసిస్తోంది. ఆయుధాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా భద్రపరచాలి, ఎలా కాల్చాలి, చట్టం ఏమంటోంది అన్నవన్నీ అందులో పాఠ్యాంశాలే. తూటా తగిలిన మనిషి ప్రాణాన్ని అంబులెన్సు వచ్చేదాకా ఎలా నిలపాలన్న పాఠానికి మాత్రం అక్కడ చోటు దొరకలేదు.

యంత్రం కార్మికుడి చేతిని నలిపేస్తుందని 1948లోనే గ్రహించిన శాసనకర్తలు, ఫ్యాక్టరీలలో ప్రతి 150 మందికి ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి ధ్రువపత్రం పొందిన బాధ్యుడు ఉండాలన్నారు. డ్రైవింగు స్కూళ్ల పాఠ్యప్రణాళికలోనూ ప్రథమ చికిత్స ఉంది. గాయపరచడానికే తయారైన వస్తువు విషయంలో ఈ వివేకం ఏమైపోయింది?

హోంశాఖ లెక్కల ప్రకారం 2016 చివరికి దేశంలో 33.69 లక్షల ఆయుధ లైసెన్సులుండగా, 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. ఉత్తరాదిన పెళ్లి ఊరేగింపులో తుపాకీ పేల్చడం హోదాకు చిహ్నం. ఆ ఏడాది డిసెంబరులోనే పంజాబ్‌లోని బఠిండా జిల్లాలో ఒక వివాహ వేడుకలో వేదికపై నాట్యం చేస్తున్న యువతి తూటాకు బలైంది. ఇటువంటి కాల్పులకు రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా విధించవచ్చని 2019 సవరణ చెప్పింది. మంచిదే. అయితే శిక్ష కోర్టులో పడుతుంది. నెత్తురు కారేది పందిట్లో.

తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాలలోనే మనిషి ప్రాణం పోవచ్చు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 ఎంత వేగంగా వచ్చినా ఆ కొద్ది నిమిషాలు పక్కనున్నవాడివే. అతడు చేయవలసింది బ్రహ్మవిద్యేమీ కాదు. శుభ్రమైన గుడ్డను గాయంలోకి గట్టిగా కూరి, రెండు చేతులతో బరువంతా మోపి, పదే పదే తీసి చూడకుండా అదిమి ఉంచాలి. చేతికో కాలికో అయితే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, టోర్నికే బిగించి వేళ రాసుకోవాలి. తూటా కోసం వేలు పెట్టి వెదకకూడదు. సినిమాలలో కత్తి కాల్చి తూటా తీసే కథానాయకులను చూసి పెరిగిన జాతికి ఈ చివరి మాట మరీ అవసరం. ఒక్క పూటలో నేర్వదగిన విద్య ఇది. అమెరికాలో 2015లో ప్రారంభమైన ‘స్టాప్ ద బ్లీడ్’ ఉద్యమం సామాన్య పౌరులకు నేర్పుతున్నదీ ఇదే.

హత్యలు చేసేవి నాటు తుపాకులు కదా, లైసెన్సుదారుకు ఈ భారమెందుకని కొందరంటారు. నాటు తుపాకీవాడు ఏ తరగతికీ రాడు. ప్రభుత్వం మెడ వంచగలిగింది లైసెన్సుదారునే. పైగా శుభ్రం చేస్తుండగా పేలిన తుపాకీ ముందు ఉండేది అతని ఇంటివాళ్లే.

మరొక లోపం గమనించండి. క్షతగాత్రుడిని ఆదుకున్నవారికి రక్షణ కల్పించే మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. తూటా గాయాన్ని అదిమిపట్టినవాడు పోలీసు ప్రశ్నలకు వెరవక తప్పని స్థితి. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స అందించాలని 1989లో సుప్రీంకోర్టు వైద్యులను ఆదేశించింది. పక్కనున్న పౌరుడికి అంతటి స్పష్టమైన భరోసా ఏదీ?

2019లో లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. ఆ ఐదేళ్లకోసారి పునరుద్ధరణకు వచ్చే ప్రతి ఒక్కరూ రక్తస్రావ నియంత్రణలో శిక్షణ పొందిన పత్రం చూపాలని కోరడానికి పార్లమెంటు సమావేశం కూడా అక్కరలేదు. ఆయుధ చట్టం 44వ సెక్షన్ కింద నిబంధనలు మార్చే అధికారం కేంద్రానికే ఉంది. హోంశాఖ ఒక గెజిట్ ప్రకటన వెలువరిస్తే చాలు.