మేనమామ గండం, రోహిణిలో ఇనుము

రోహిణిలో బిడ్డ పుట్టిందంటే మన ఇళ్లలో ముందు కంగారు పడేది మేనమామ. గండమంటారు, శాంతి చేయిస్తారు, బిడ్డ ముఖాన్ని మొదట నూనెలో చూడమంటారు. ఆధారం అడిగితే కంసుడి కథ చెబుతారు. చంద్రుడు 27 రోజులకోసారి రోహిణిని దాటుతాడు, అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్కరోజే ప్రపంచంలో పుట్టే పిల్లలు మూడు లక్షల పైమాటే. అంతమంది మేనమామలూ ఏమయ్యారో లెక్క తీసిన సిద్ధాంతి నాకు కనబడలేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే రైతుతో నాకు పేచీ లేదు. మే చివర సూర్యుడు ఆ దిక్కున ఉంటాడు, అది కాలానికి గుర్తు. ఎండ మాత్రం సూర్యుడిదే. గుర్తును కారణం చేసినప్పుడే చిక్కు.

ఇంతకీ రోహిణి అనే తారలో ఏముంది? తారల్లో ఏ పదార్థాలున్నాయో మనిషికి ఎన్నటికీ తెలియదని 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టే తేల్చేశాడు. పాతికేళ్లు తిరక్కముందే, 1859లో శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ వెలుగు వర్ణపటంలోని గీతలను బట్టి మూలకాలను పట్టుకున్నారు. 1920లో మన శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సమీకరణంతో ఆ గీతల నుంచి పరిమాణాలు తేల్చే దారి దొరికింది.

రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ కనబడే హయడీస్ తారాగుచ్ఛం 150 దగ్గర. ఇనుము రోహిణిలో సూర్యుడిలోకన్నా తక్కువ, హయడీస్‌లో ఎక్కువ. ఒకే వాయుమేఘంలో పుట్టిన గుచ్ఛపు తారల రసాయనం ఇంచుమించు ఒకటే, గోత్రంలాగా. రోహిణిది ఆ గోత్రం కాదు. పక్కన కనబడే గుంపుతోనే చుట్టరికం లేని తారకు మనం మేనమామతో వైరం కట్టబెట్టాం!

గుచ్ఛాల రసాయనంలో నిజంగా దొరికేది పాలపుంత చరిత్ర. 1,200 కోట్ల ఏళ్లు దాటిన ఎం92 గుచ్ఛంలో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో సుమారు రెండువందో వంతు. 400 కోట్ల ఏళ్ల ఎం67లో సూర్యుడితో దాదాపు సమానం. భారీ తారలు త్వరగా పేలి ఆక్సిజన్, మెగ్నీషియం చల్లాయి; శ్వేత కుబ్జాలనే చిన్న మృత తారల పేలుళ్లు ఇనుమును తాపీగా పోగేశాయి. అందుకే పాత గుచ్ఛాల్లో ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం పాలు ఎక్కువ. వయసొక్కటే కాదు, చోటూ లెక్కే: పాలపుంత కేంద్రానికి దూరమయ్యేకొద్దీ గుచ్ఛాల్లో ఇనుము తగ్గుతూ పోతుంది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలూ ఇలాంటి గుచ్ఛాలను మూలకం మూలకంగా కొలిచారు.

ఇప్పుడు జ్యోతిష్కులు ‘నక్షత్ర కిరణాల ప్రభావం’ అని సైన్సు భాష అందుకున్నారు. ఇవాళ బిడ్డ మీద పడే రోహిణి వెలుగు 65 ఏళ్ల కింద బయల్దేరింది. అప్పటికి ఆ బిడ్డ తల్లే పుట్టలేదు. సరే, ఆ కిరణాల వర్ణపటం మన దగ్గరుంది. మేనమామ గీత అందులో ఎక్కడుందో చూపించండి.