సగం నర్సు

మా కాలేజీ గేటు ఎదుటి కరెంటు స్తంభానికి ఏటా వేసవి వెళ్ళేసరికి ఒక కాగితం అంటుకుని వుంటుంది. "ఆరు నెలల్లో నర్సు. ఉద్యోగం గ్యారంటీ." నేను తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక అందులో నాకు ముందు కనిపించేది భాషాదోషం. ఆరు నెలల్లో అయ్యేది నర్సు కాదు. అయితే తప్పు కాగితం వేసినవాడి ఒక్కడిదే అనడానికి లేదు. ఆస్పత్రిలో యూనిఫారంతో ఎదురుపడ్డ ఆడమనిషినల్లా మనం "నర్సమ్మా" అంటాం. అవసరం మరీ గట్టిదైతే "సిస్టర్" అంటాం. ఆవిడ ఏం చదివిందో, చెయ్యవలసిన పని ఏమిటో మనకి పట్టదు. ఇంట్లో పిల్ల ఇంటర్మీడియెట్ పాసైన రోజున మాత్రం పట్టుతుంది.

కాబట్టి ఆ మెట్లేవో ఒకసారి చెప్పుకుందాం. పైమెట్టు బీఎస్సీ నర్సింగు. నాలుగేళ్ళ చదువు, ఇంటర్లో సైన్సు వుండాలి. దాని కింద జీఎన్ఎం, మూడేళ్ళు. ఆ కింద ఏఎన్ఎం, రెండేళ్ళు. పల్లెల్లో పసిపిల్లలకి టీకాలు వేసే అమ్మాయి ఈ చదువు చదివిందే. ఈ మూడింటిలో ఏది పాసైనా రాష్ట్ర నర్సింగు కౌన్సిల్లో పేరు నమోదవుతుంది. అసలు కిటుకంతా ఆ నమోదులో వుంది. ఏఎన్ఎం చదివినమ్మాయి తరవాత జీఎన్ఎంలో చేరవచ్చు. జీఎన్ఎం అయినమ్మాయి మరి రెండేళ్ళు చదివి బీఎస్సీ అనిపించుకోవచ్చు. నర్సింగు అసిస్టెంటు చదువు కొద్ది నెలల్లో అయిపోతుంది కాని, దానితో ఆ రిజిస్టరులో పేరెక్కదు. పదేళ్ళు పనిచేసి, కొత్తగా వచ్చిన నర్సులకి పని చూపించగలిగినా సరే, ఆ అనుభవం చూపించి నర్సు కావడానికి వీల్లేదు. మళ్ళీ కిందిమెట్టు దగ్గరకొచ్చి పిల్లలతో పాటు వరసలో నిలబడాలి.

ఇంత మాత్రాన ఆ పని తక్కువదని నేను అన్నట్టు కాదు. మా నాన్నగారు పక్షవాతంతో నాలుగు నెలలు మంచం మీద వున్నప్పుడు అలాంటి అమ్మాయి ఒకతె మా యింటికి వచ్చేది. మనిషిని లేపకుండా దుప్పటి మార్చడం ఎలాగో నేను అప్పుడే చూశాను. రోగిని ఒక పక్కకి ఒత్తిగిల్లజేసి, పాతదుప్పటిని వీపు దాకా చుట్టి, ఖాళీ అయిన సగంలో కొత్తది పరిచి, మళ్ళీ ఆయన్ని ఇటు పక్కకి తిప్పి, పాతది లాగేస్తుంది. రెండు నిమిషాల పని. మా యింట్లో నలుగురం కలిసినా ఆ నేర్పు రాలేదు. రెండు గంటలకోసారి పక్క మార్చేది. తుంటి దగ్గర, నడుం కింద, మడమల మీద చర్మం ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి చూసేది. ఎడంకాలి మడమ కందుతోందని మొదట కనిపెట్టింది ఆ పిల్లే. డాక్టరుగారు వచ్చి అయిదు నిమిషాలు చూసి వెళ్ళేవారు. ఆవిడ పన్నెండు గంటలు చూసేది.

అటువంటి పనంటే మనకి చిన్నచూపు ఈనాటిది కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి వైద్యం మొదలుపెట్టింది. 1898లో ఆస్పత్రి తెరిచింది. ఆ కాలంలోనూ, ఆ తరవాత చాలాకాలమూ పెద్దకులాల యిళ్ళవారు రోగిని ముట్టుకునే ఈ పని క్రైస్తవుల పిల్లలదేనని వూరుకున్నారు. మందు మాత్రం తాగారు. 2020 మార్చి 22 సాయంత్రం మనమంతా గుమ్మాల్లో నిలబడి ఆస్పత్రివాళ్ళ కోసం పళ్ళాలు మోగించాం కదా. మర్నాటి నుంచీ ఎంతమంది యింటివాళ్ళు నర్సులకి అద్దెకివ్వడానికి వెనకాడారో పత్రికల్లో చదివాం.

ఈ సంవత్సరం నా దగ్గర సలహాకి వచ్చినవాళ్ళలో ఒక బస్సు కండక్టరూ, ఆయన కూతురూ వున్నారు. పిల్ల బైపీసీలో నూటికి డెబ్భై పైన తెచ్చుకుంది. ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ళు ఆరునెలలు నేర్పి అసిస్టెంటుగా వేసుకుంటామన్నారట, నేర్చుకునే రోజుల్లో చేతిఖర్చు కూడా యిస్తామన్నారట. తల్లికి ఆ మాటే గిట్టలేదు. మేనమామ డిగ్రీలో పడెయ్యమన్నాడు.

"నాకు సర్వీసు రెండేళ్ళుంది మాష్టారూ," అన్నాడాయన. "నాలుగేళ్ళ చదువులో చేర్పిస్తే, తరవాతి రెండేళ్ళూ ఫీజు ఎవరు కట్టాలి? దీని వెనక ఇంకో పిల్లున్నాడు."

ఈ ప్రశ్నకి ఆదర్శాలు వల్లించడం నాకు చేతగాలేదు. పిల్లని ఎవరూ అడిగినట్టు లేదని, "నువ్వేమంటావమ్మా?" అన్నాను.

"మా అమ్మమ్మకి అన్నీ నేనే చేశానండీ. బెడ్‌పాన్ తియ్యడం నాకేం కష్టం కాదు," అంది. కాసేపు ఆగి, "కానీ ఆ ఇంజెక్షను ఎందుకిస్తున్నారో తెలియకుండా పక్కన ట్రే పట్టుకుని నిలబడాలంటే మాత్రం నావల్ల కాదు సార్," అంది.

తండ్రి ఆ పిల్లవైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ సీటుకి ముందు దరఖాస్తు పెట్టమన్నాను. అది రాకపోతే జీఎన్ఎం. అదీ కుదరకపోతే ఏఎన్ఎం, ఆయన సర్వీసుకి సరిగ్గా సరిపోయే రెండేళ్ళు. అక్కణ్ణించి సంపాదిస్తూ పై మెట్టెక్కడానికి దారి వుంది. డిగ్రీ మాట ఎత్తలేదు. ఎందుకు చేరిందో తెలియని డిగ్రీ చదివినవాళ్ళు ఏటా నా క్లాసులోనే కూర్చుంటారు.

మా వీధిలో భర్త పోయి యిద్దరు పిల్లలతో మిగిలిన ఒకావిడ, పదో తరగతి దాకా చదివింది, ముప్ఫై అయిదేళ్ళ వయసులో ఆ ఆరునెలల చదువే చదివింది. పగటి డ్యూటీ చూసుకుంటోంది, పిల్లలు బడికి వెళుతున్నారు. ఆవిడ నన్నడిగితే చేరమనే చెప్పేవాణ్ణి. చేతిలో సైన్సు మార్కులున్న పద్ధెనిమిదేళ్ళ పిల్లకి చెప్పవలసిన లెక్క వేరు.

జీతాల సంగతి కూడా చూడండి. సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన సంఘం, యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. అది సిఫారసే, అమలు సంగతి ఆస్పత్రి చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు. అయినా రిజిస్టరులో పేరున్న నర్సు ఆ కాగితం చేత్తో పట్టుకుని అడగగలదు. అసిస్టెంటు ఏ కాగితం పట్టుకుని అడుగుతుంది? పైగా చిన్న నర్సింగు హోముల్లో నర్సుకి జీతం దండగని అసిస్టెంటు చేతనే సూదులు వేయించేవాళ్ళున్నారు. అంతా బాగున్నంత సేపూ "మా సిస్టరు". ఏదైనా వికటించిందా, "ఆ పిల్లకి మేం చెప్పలేదే!"

ఇంత విన్నా ఆ ఆరునెలల చదువే గతి అనుకునే యిళ్ళుంటాయి. తప్పు లేదు. చేరే ముందు మాత్రం ఆ ఆస్పత్రివాళ్ళని నాలుగు సంగతులు అడగండి. చివర యిచ్చే సర్టిఫికెట్టు ఎవరి పేరున వుంటుంది? అది ఇంకో వూళ్ళో చెల్లుతుందా? రాత్రి డ్యూటీలు నెలకెన్ని, వెళ్ళడానికి బండి యిస్తారా? ఇన్నేళ్ళు మా దగ్గరే చెయ్యాలని బాండు రాయిస్తారా? జవాబులు నోటితో చెబితే విని వూరుకోకుండా కాగితం మీద రాయించుకోండి. పదో తరగతి, ఇంటరు అసలు సర్టిఫికెట్లు మా బీరువాలో వుంచుతామంటే మాత్రం యివ్వకండి. జిరాక్సులు చాలు.