గిన్తీ మర్చిపోతే ఏం పోతుంది?

మొన్న తిరుమలగిరిలో కూరగాయలు కొన్నాక మా అమ్మీ లెక్క కట్టి "ఉనాసీ రూపాయ్" అంది. మా చిన్నోడు "అంటే ఎంత అబ్బూ?" అన్నాడు. డెబ్బై తొమ్మిది అని చెప్పాను గానీ, నాకే శరమ్ అనిపించింది.

మనల్ని తురకలంటారు, మన జబాన్‌ని తురకం అంటారు. కానీ అసలు తుర్కీ గిన్తీ బిర్, ఇకి, ఉచ్. రష్యాలో వోల్గా దగ్గరుండే చువాష్‌లు పెర్, ఇక్కె, విశ్శె అంటారు. వాళ్లది తుర్కీ ఖాన్‌దాన్ అని అంకెలే గవాహీ ఇస్తాయి. మరి మన ఏక్, దో, తీన్? ఈ దేశపు ప్రాకృతం నుంచి వచ్చినవే. హజార్ ఫార్సీది. మన లాఖ్, తెలుగు లక్ష రెండూ సంస్కృతం బిడ్డలే. 'ఉర్దూ' అనే పేరు మాత్రం తుర్కీది. పీర్ల పంజాలో ఫార్సీ ఐదుంది, ఆషూరాలో అరబ్బీ పదుంది. బయటోళ్లమనే వాళ్లకి మన గిన్తీయే జవాబ్.

"స్కూల్లో పనికిరాని లెక్క ఎందుకు?" అంటారు కొందరు. తెలుగులో తొంభై వస్తే తొంభై ఒకటి దానంతటదే వస్తుంది. ఉర్దూలో సౌ దాకా దాదాపు ప్రతి అంకెదీ వేరే సూరత్. ఇంట్లో చెవిన పడకపోతే రాదు. పెద్దోళ్లు మానేస్తే ఒక్క తరంలో ఖతమ్.

పిల్లలకి రెండు గిన్తీలూ కావాలి. ఇవాళ్టి నుంచి మా ఇంట్లో చిల్లర లెక్క ఉర్దూలోనే. మీ ఇంట్లో?