సీసాపైని చీటీ

వైను రుచి చూచుటను గూర్చి సంఘ సంచికలో వ్రాయుట యేమి, అదియును ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా వ్రాయుట యేమి యని పెద్దలు కొందరు ముఖము చిట్లింతురని మేమెరుగుదుము. మేము త్రాగము. త్రాగుమని ఎవ్వరికిని చెప్పబోము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమ ఫలితముగనే 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఆ తల్లుల పక్షము న్యాయమైనదని నాడును నమ్మితిమి, నేడును నమ్ముచున్నాము. అయినను ఒక మిత్రుని యింట మేము చూచిన సాయంకాలమును గూర్చి చెప్పక తప్పదు. అందు మన సంఘములకు పనికివచ్చు పాఠ మొకటి యున్నది. ఆ పాఠము చేదైనది.

బెంగుళూరులో మా మిత్రుని కుమారుడు ఎనిమిదిమంది స్నేహితులను పిలిచి, సీసాలపైని చీటీలు కప్పి వైను రుచి చూచు గోష్ఠి నేర్పాటు చేసెను. "బాబాయిగారూ, మీరు త్రాగరు గనుక లెక్కలు వ్రాయుటకు మీరే తగినవారు" అని మమ్ము కూర్చుండబెట్టెను. ముప్పదియేండ్లు చిట్టాలు వ్రాసిన చేయి గదా, కాదనలేకపోతిమి.

పద్ధతి మిక్కిలి సరళమైనది. ఐదు ఎఱ్ఱ వైను సీసాలను మెడదాక పాత వార్తాపత్రికలతో చుట్టి, ఒకటి మొదలు ఐదు వరకు అంకెలు వేసిరి. ఏ అంకె యే వైనుదో తెలిసినది ఆ గృహస్థుని భార్యకు మాత్రమే. ఆమెయు త్రాగదు గనుక వడ్డించుటయు ఆమెదే. గ్లాసులన్నియు ఒక్క తీరువే. ఒక్కొక్కరికి ఒక్కొక్క వైను 30 మిల్లీలీటర్లు; ఐదును కలిపి 150, అనగా ఒక్క గ్లాసెడు. ఉమియదలచిన వారికి ఒక చెంబు, నోరు కడుగుకొనుటకు మంచినీరు, చప్పని రొట్టె. మన యెండలకు ఎఱ్ఱ వైను వేడెక్కి ఘాటు మిగులునని సీసాల నొక అరగంట ఫ్రిజ్జులో నుంచిరి. ఆ పూట వంటింట తిరగమోత లేదు, అగరువత్తి లేదు, ఎవరి జడలోను మల్లెపూవు లేదు. ఆ వాసనలు వైను వాసనను మ్రింగివేయును. పదింటికి మార్కులు వేసి కాగితము మడచి మా చేతి కిచ్చువరకు ఎవ్వరును నోరు విప్పరాదు. వచ్చినవా రెవ్వరును బండి నడుపుకొని పోలేదు. దీనిని త్రాగుబోతుతన మనువారు పెండ్లి విడిదులలో జరుగు వ్యవహారములను ముందుగా విచారింతురు గాక.

ఆ ఐదింటిలో ఒకటి ఫ్రాన్సు దేశపు బోర్డో, ఒకటి ఆస్ట్రేలియాది, ఒకటి నాసికుది, ఒకటి నందికొండ ప్రాంతపుది. ఐదవది యేది? అదియు నందికొండ వైనే. అదే తయారీ, అదే సంవత్సరము. ఒకే వైనును రెండవ అంకెతోను ఐదవ అంకెతోను రెండుమారులు పోసిన సంగతి అతిథు లెరుగరు.

చీటీలు కప్పకమున్ను అచ్చట సాగిన మాటలు వినదగినవి. "మన ద్రాక్షతో వైను చేయుట వృథా, అది షర్బత్తునకే తగును" అని ఒకరు. "బోర్డో నొక్క చుక్కతో గుర్తింపగలను" అని మరియొకరు. నందికొండ చుట్టును, చిక్కబళ్లాపురము, కోలారు వైపులను ద్రాక్ష పండించు రైతుల యిండ్లలో పెక్కింట తెలుగే మాట్లాడుదురను సంగతి ఆ పెద్దమనుష్యులకు తట్టనే లేదు.

మార్కులు మేము కూడితిమి. ఎనుబదింటికి బోర్డోకు 51, ఆస్ట్రేలియా దానికి 47, నాసికు దానికి 44. నందికొండ వైనుకు రెండవ అంకెతో 53, ఐదవ అంకెతో 38. ఒకే వైను మొదటిదియు నదియే, కడపటిదియు నదియే! తప్పు కూడితి మేమోయని మూడుమారులు సరిచూచితిమి. బోర్డోను చుక్కతో పట్టగల పెద్దమనిషి దానికి నాలుగు మార్కు లిచ్చెను.

స్వదేశము గెలిచినదని చప్పట్లు కొట్టుటకు ఈ కథ చెప్పుటలేదు. గెలిచినదియు మనదే, ఓడినదియు మనదే. తేలిన దొక్కటే: మన నాలుకకు మన మిచ్చుకొన్న బిరుదులు ఉత్తవి.

ఇది మనవారి లోపము మాత్రమే కాదు. 1976 మే 24వ తేదీన పారిసు నగరమున స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్ల వర్తకుడు ఫ్రెంచి, కాలిఫోర్నియా వైనుల చీటీలు కప్పి తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణుల ముందుంచెను. ఎఱ్ఱవానిలోను తెల్లవానిలోను ప్రథమస్థానము కాలిఫోర్నియాకే దక్కెను. కాలిఫోర్నియా వైనును త్రాగి అది తమ దేశపుదే యని మురిసిన నిపుణులు నందుండిరి. 2001లో వెలువడిన బోర్డో పరిశోధనలో 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో రుచిలేని ఎఱ్ఱరంగు కలిపి యిచ్చినచో, వారు ఎఱ్ఱ వైనుకు వాడు మాటలతోనే దానిని వర్ణించిరి. 2008లో వెలువడిన కాలిఫోర్నియా పరిశోధనలో ఒకే వైనుకు రెండు ధరలు చెప్పగా, ఎక్కువ ధర చెప్పినప్పుడే అది యెక్కువ రుచించెను. కన్ను చూచినదానిని, చెవి విన్నదానిని నాలుక వల్లించుచున్నదన్నమాట.

ఇక మన యింటి సంగతి. కొన్ని యేండ్ల క్రిందట ఒక తెలుగు వ్యాసరచన పోటీలో మార్కులు కూడు పని మాకే అప్పగించిరి. కోలారు వైపు పల్లెనుండి ఒక బాలిక వ్యాసము పంపెను. న్యాయనిర్ణేత కాగితము తలపైని ఊరి పేరు చూచి, "ఆ ప్రాంతపు తెలుగు ఇంతేనండీ, అంతా కన్నడపు యాస" అని నవ్వి మార్కులు తగ్గించెను. అయ్యా, అది వ్రాసిన వ్యాసము! కాగితములో యాస యెట్లు వినబడెను? వినబడినది యాస కాదు, ఊరి పేరు. మేమా వ్యాసము చదివియున్నాము. భాషలో దోష మెరుగము. అయినను ఆనాడు కిక్కురుమనక అంకెలు కూడి సంతకము పెట్టి యిచ్చితిమి. మా చిట్టాలలో తప్పుకూడిక యేదియైన నున్నచో అది యదియే.

తరతరములుగా ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన తెలుగును "సరిహద్దు తెలుగు" అని చిన్నచూపు చూచుచున్నారని మనము వాపోవుదుము. ఆ చిన్నచూపునే మన పోటీలలో మన పిల్లలపై మనమే ప్రయోగించుచున్నాము. ఇంటిపేరు చూచి ఒకరికి, ఊరు చూచి ఒకరికి, తండ్రి సంఘమున కిచ్చిన చందా చూచి మరియొకరికి మార్కులు వేయుట, చీటీ చూచి వైను మెచ్చుకొనుటకన్న హీనము. వైను సీసాకు మనసు నొవ్వదు, పిల్లకు నొచ్చును. ఆ బాలిక మరల ఏ పోటీకిని వ్యాసము పంపలేదు.

కావున ఈ సంచికాముఖమున మేము కోరున దిది. మన సంఘములు జరుపు ప్రతి వ్యాసరచన పోటీలోను కాగితముపై అంకె మాత్రమే యుండవలెను. పేరు, ఇంటిపేరు, ఊరు వేరొక కవరులో మూసియుంచవలెను. అంకెల పట్టిక పోటీతో సంబంధము లేనివారి యొద్ద నుండవలెను. న్యాయనిర్ణేతలు ముగ్గురికి తక్కువ కారాదు. వారు తమలో మాటలాడుకొనక ముందే మార్కులు వ్రాసి యియ్యవలెను. ముగ్గురును ఒకే వరుసలో చదువరాదు. నాలుగింటి పిమ్మట వచ్చిన ఐదవ గ్లాసు గతి యేమయ్యెనో మేము కండ్లార చూచితిమి. ఒక వ్యాసమును నకలు తీసి రెండంకెలతో నడుమ చేర్చినచో న్యాయనిర్ణేతల నిలుకడ యెంతటిదో తేలిపోవును.

ఇందులకు ఖర్చు కవరుల వెల మాత్రమే. పోటీకి కూర్చున్న పెద్దలకు ఇది అవమానమని యెవరైన అందురేమో. పారిసు నిపుణులకు లేని అవమానము మనకేల? వచ్చు పోటీకి కవరులు మేమే కొని తెత్తుము. అంకెలు వేయుటకును మేమే కూర్చుందుము. ఈమారు మాత్రము కిక్కురుమనక సంతకము పెట్టము.