తాళంకప్ప అందరికీ, తాళంచెవి ఒక్కరికే

గూఢలిపి కొత్త విద్య కాదు. క్రీ.శ. 9వ శతాబ్దంలోనే బాగ్దాదు పండితుడు అల్ కిందీ, భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కించి, దాని ఆధారంగా రహస్య లేఖలను విప్పే పద్ధతిని గ్రంథస్థం చేశారు. ఆ తర్వాత లిపులు మరింత జటిలమయ్యాయి గాని ఒక చిక్కు మాత్రం వేయేళ్లు గడిచినా తీరలేదు. రాసేవారి వద్దా, చదివేవారి వద్దా ఒకే తాళంచెవి ఉండాలి. దూరదేశంలో ఉన్నవారికి దానిని చేరవేయడం ఎలా? లేఖను దొంగిలించగలవాడు తాళంచెవిని మాత్రం విడిచిపెడతాడా?

1976లో అమెరికాకు చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ దీనికి మార్గం చూపారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు ఆచరణయోగ్యమైన పద్ధతిని రూపొందించారు. (బ్రిటన్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దీనిని కనుగొన్నా, 1997 దాకా ఆ సంగతి దస్త్రాలలోనే ఉండిపోయింది.)

ఒక ఇల్లాలు తెరిచి ఉన్న తాళంకప్పలను ఊరంతా పంచిపెట్టిందనుకోండి. ఎవరైనా తమ లేఖను పెట్టెలో ఉంచి, ఆ కప్పను నొక్కి ఆమెకు పంపవచ్చు. నొక్కినవారు సైతం దానిని మళ్లీ తెరవలేరు. తాళంచెవి ఆమె కొంగుముడిని దాటి ఎన్నడూ బయటికి రాలేదు. కాబట్టి దారిలో కాజేయడానికి ఏమీ లేదు.

ఇక్కడ తాళంకప్ప ఇనుముతో కాక అంకెలతో తయారవుతుంది. 53ను 61తో హెచ్చవేస్తే 3233 వస్తుందని బడిపిల్లలు కూడా చెప్పగలరు. 3233ను మాత్రమే ఇచ్చి, ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే పెద్దలకూ కాసేపు పడుతుంది. ఆ ముగ్గురు 1977లో 129 అంకెల సంఖ్యను సవాలుగా లోకం ముందుంచారు. వందలాది మంది తమ కంప్యూటర్లను జతచేస్తే గాని 1994లో అది విడలేదు. నేడు వాడుకలో ఉన్న సంఖ్యలు 617 అంకెలవి. అందరికీ చూపేది లబ్ధం. దాచుకునేది దానిని పుట్టించిన జంట. వాట్సాప్ వంటివి వేరే గణితాన్ని ఆశ్రయిస్తాయి, కానీ సూత్రం ఇదే.

అయితే గణితం ఎంత దృఢమైనా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆమె పేరు చెప్పి మరొకడు తన తాళంకప్పను మన చేతిలో పెడితే? వెబ్‌సైటు చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు, దారి భద్రమని మాత్రమే తెలుపుతుంది. అవతల కూర్చున్నవాడు నిజాయితీపరుడని హామీ ఇవ్వదు. విరాళాల పేరిట తెరిచిన మోసపు వెబ్‌సైటుకు కూడా ఆ గుర్తు ఉండవచ్చు.

వాట్సాప్‌లో ప్రతి సంభాషణకూ 60 అంకెల భద్రతా సంఖ్య ఉంటుంది. జిద్దాలో ఉన్న కుమారుడు, ఇక్కడి తల్లి తమ ఫోన్లలో ఆ అంకెలను సరిచూసుకుంటే మధ్యలో ఎవరూ చొరబడలేదని తేలుతుంది. అవతలివారు ఫోను మార్చినా ఆ సంఖ్య మారుతుంది గనుక మార్పు చూడగానే భయపడనక్కరలేదు. కానీ మారిన వెంటనే డబ్బు అడుగుతూ సందేశం వస్తే, పంపే ముందు ఫోను చేసి ఆ గొంతు వినండి.