పడని వేలిముద్ర

“మామ్మా, వేలు పడట్లేదు. తుడుచుకుని మళ్లీ పెట్టు.” నెల మొదట్లో రేషన్ షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది. మామ్మ బొటనవేలు కొంగుకు రుద్దుతుంది. అది కాదంటే చూపుడువేలు, అదీ కాదంటే ఎడమచెయ్యి. కాస్త కొబ్బరినూనె రాసుకోమని వెనక వరసలోంచి ఎవరో సలహా పారేస్తారు. పదివేళ్లూ అయ్యేసరికి ఆవిడ మొహంలో ఏదో తప్పు చేసిన బెరుకు.

తప్పంటూ ఉంటే చేసిన పనిది. సున్నం, సిమెంటు కలిపి, అంట్లు తోమి, బీడీలు చుట్టి అరిగిన వేళ్లవి. వయసు మీదపడి చర్మం పలచబడితే మిగిలిన గీతలూ చెదిరిపోతాయి. కుర్చీలో కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న వేలిని మాత్రం యంత్రం మొదటిసారికే ఒప్పుకుంటుంది.

అసలు ఈ ముద్ర పుట్టిందే అపనమ్మకంలో. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ‘ఈ సంతకం నాది కాదు’ అంటాడేమోనని భయం. మన దగ్గర అదే పోనుపోను చదువురానితనానికి గుర్తయింది, ‘వేలిముద్రగాడు’ అనే ఎత్తిపొడుపయింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పగలు కూలికి పోయి, రాత్రిబడిలో పలక పట్టి సంతకం నేర్చుకున్నారు. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఆ పలకల దగ్గర నుంచి వచ్చిందే. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో మొదటి ఆధార్ ఇచ్చారు. 2015 నాటికి ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి ఆధార్ వేలిముద్రను సరిచూసే ఈపాస్ యంత్రాలు వచ్చాయి. సంతకం నేర్చిన చెయ్యి మళ్లీ బొటనవేలు చాపింది.

పాత రోజులు బంగారమని కాదు. చచ్చిపోయినవాళ్లు కూడా నెలనెలా బియ్యం పట్టుకెళ్లినట్టు దస్త్రాల్లో ఉన్న కాలమది. ఊరందరినీ పేరుపెట్టి పిలిచే డీలరే ఆ ముద్రలూ వేసుకునేవాడు. యంత్రం రావడానికి కారణం లేకపోలేదు.

కానీ ఇక్కడొక చిత్రం ఉంది. ఈ మామ్మ ఎవరో డీలరుకు తెలుసు. వరసలో ఉన్న పదిమందికీ తెలుసు, ఏ ఇంటి కోడలో, మోకాలి నొప్పి ఎప్పటి నుంచో కూడా తెలుసు. తెలియనిది ఆ చిన్న పెట్టెకొక్కదానికే. చెల్లేది మాత్రం దాని మాటే. ఇంతమంది ఉండీ ‘ఈవిడ ఫలానా’ అని ఒక్కరూ పూచీపడలేని చోటికి ఎప్పుడు వచ్చామో, ఎవరూ గమనించినట్టు లేదు.

వేలు పడకపోతే వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. కంటిపాప చూపించవచ్చు, ఆవిడకేమో శుక్లాలు. ఫోనుకు ఓటీపీ రప్పించవచ్చు. ఆ ఫోనేమో హైదరాబాద్‌లో కొడుకు జేబులో ఉంది, అతను డ్యూటీలో ఉన్నాడు.

“పోనీ, సంతకం పెట్టనా బాబూ?” అంటుంది మామ్మ. పెట్టడానికి ఆ యంత్రం మీద చోటు లేదు.