మైకు చేతులు మారాలి

మీటింగు రాత్రి ఎనిమిదింటికి అంటారు. వాడలో పట్టాలు పరుస్తారు, బాబాసాహెబ్ ఫొటోకి దండేస్తారు. టౌను నుంచి రావాల్సిన నాయకుడు పదకొండయినా రాడు. పిల్లలు పట్టాల మీదే నిద్రపోతారు. పొద్దున్నే కూలికి పోవాల్సిన ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. 'అన్న రాకుండా ఎట్టా మొదలుపెడతాం?' అంటూ మిగిలినవాళ్లు కూచునే ఉంటారు. ఇది ఏ ఒక్క వూరి సంగతో కాదు. మన సంఘాలకు పట్టిన రోగం.

పెత్తందారు ముందు చేతులు కట్టుకోవద్దని చెప్పే మనమే సంఘంలో అన్న ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నాం. ఇది ఎవరి మీదో వేస్తున్న నింద కాదు. మమ్మల్ని మేమే అడుగుతున్నాం.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. హత్యలకీ ఆ తీర్పుకీ మధ్య 22 ఏళ్లు దాటాయి. ఒక్క కేసే ఒక తరాన్ని తినేస్తుంటే, ఒక్క మనిషి నాయకత్వం ఎన్నాళ్లు ఆగుతుంది? ఆయనకు జబ్బు చేసినా, ఏ పార్టీవాళ్లో పదవి చూపించి లాక్కుపోయినా సంఘం ఖాళీ. రసీదు పుస్తకం ఆయన ఇంట్లో, రబ్బరు స్టాంపు ఆయన జేబులో, కేసుల చరిత్ర ఆయన బుర్రలో. మిగిలినవాళ్ల చేతిలో జెండా కర్ర!

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే గ్రహించారు. 1956 జూలైలో బొంబాయిలో, రాజకీయాల్లోకి వచ్చేవాళ్ల కోసం ఒక శిక్షణ పాఠశాల తెరిచారు. మొదట చేరింది 15 మంది. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. డిసెంబర్ 6న కన్నుమూశారు. ఆ బడీ ఎక్కువ కాలం నడవలేదు. రాజ్యాంగం రాసిన మనిషి చివరి ఏడాదిలో బడి ఎందుకు పెట్టారో మనం ఆలోచించామా? వాడవాడనా ఆయన విగ్రహం పెట్టాం. ఆ బడి మాత్రం పెట్టలేదు. కాన్షీరాం 1978లో ఉద్యోగులతో బామ్‌సెఫ్ కట్టి, 1984లో గానీ పార్టీ పెట్టలేదు. ముందు మనుషులు, తర్వాతే పార్టీ.

నాయకత్వమంటే గొంతు చించుకోవడం కాదు. పని తెలియడం. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసును డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని 1995 నిబంధనలు చెబుతున్నాయి. చార్జిషీటు 60 రోజుల్లో వేయాలి. ఈ మూడు ముక్కలు వాడలో పదిమందికి తెలిస్తే, ఎస్సై 'రాజీ పడండి, పొండి' అన్న రాత్రి అన్న కోసం ఫోను పట్టుకుని కూచోనక్కర్లేదు. అక్కడికక్కడే నిలదీస్తారు.

మరి ఆడవాళ్ల మాటేమిటి? రాస్తారోకోలో ముందు కూచునేది వాళ్లు, లాఠీ దెబ్బ తినేది వాళ్లు. కమిటీ వేసేటప్పుడు మాత్రం కనబడరు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో ఆడవాళ్లకు కుర్చీ ఇచ్చింది. చాలాచోట్ల ఆ కుర్చీలో భర్త కూచున్నాడు. దాన్ని తిట్టే హక్కు మనకుండాలంటే ముందు మన సంఘం కుర్చీ సంగతి చూసుకోవాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. మీటింగుకు అధ్యక్షత ప్రతిసారీ ఒకరు మారాలి. ఒకసారి మాలపల్లె నుంచయితే మరోసారి మాదిగపల్లె నుంచి. మినిట్స్ కుర్రాళ్లు రాయాలి. చందా లెక్క అందరి ముందు పైకి చదవాలి. స్టేషనుకు పోయేటప్పుడు పాతవాళ్ల వెంట ఒక కొత్త మనిషి పోవాలి. రెండోసారి ఆ కొత్త మనిషే మాట్లాడాలి. తప్పు మాట్లాడితే మాట్లాడనీయండి! మనమూ అట్లాగే నేర్చుకున్నాం.

ఈసారి మీటింగు ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. వచ్చినవాళ్లతో మొదలుపెడదాం. అన్న పదకొండింటికి వస్తే రానీయండి, పట్టా మీద చోటుంటుంది.

జై భీం!